తలుపుకు తగిలిన తల, దానికి చెప్పిన వంశచరిత్ర

1977 మే 25న అమెరికాలో విడుదలైన మొదటి ‘స్టార్ వార్స్’ చిత్రంలో, తెల్లని కవచాలు తొడుక్కున్న సామ్రాజ్య సైనికులు ఒక గదిలోకి చొరబడుతుండగా వారిలో ఒకడి తల తలుపు పైచట్రానికి తగులుతుంది. శిరస్త్రాణంలోంచి ఎదుట ఉన్నది సరిగా కనిపించక ఒక నటుడికి జరిగిన చిన్న ప్రమాదం అది. ఆ షాటు అలాగే సినిమాలో ఉండిపోయింది. ఇరవై అయిదేళ్ళ తరువాత, 2002లో వచ్చిన, అంతకు ముందుతరం కథ చెప్పే ‘అటాక్ ఆఫ్ ద క్లోన్స్’లో, జాంగో ఫెట్ అనే కిరాయి వేటగాడు తన ఓడ ఎక్కుతూ అచ్చం అలాగే తల కొట్టుకుంటాడు. తరువాత సామ్రాజ్యంగా మారిన గణతంత్రం కోసం తయారైన క్లోన్ సైన్యమంతా ఈ జాంగో ఫెట్ జీవకణాల నుంచి పుట్టినదే కనుక, తలుపుకు తల కొట్టుకోవడం ఆ వంశంలోనే ఉందన్నమాట. జార్జ్ లూకాస్ దాన్ని సరదాకే పెట్టారు; 2004 నాటి డీవీడీలో పాత దృశ్యానికి ఠంగుమనే చప్పుడు కూడా కలిపించారు. అంతవరకు నాకూ సరదాగానే ఉంది. అయితే అభిమానులలో కొందరు ఆ సరదాను జన్యుశాస్త్రంగా మార్చారు. మొదటి చిత్రపు కథానాయకుడు లూక్ కాలానికి సైన్యంలో క్లోన్ల స్థానంలో మామూలు మనుషులు చేరిపోయారు కదా అని ఎవరైనా అడిగితే, ఆ తల కొట్టుకున్న ఒక్కడు మాత్రం ఇంకా మిగిలిపోయిన క్లోన్ అయివుండాలని వాదించారు. ఒక నటుడి తలకు తగిలిన దెబ్బకు తాతముత్తాతల చరిత్ర వ్రాయడం చూసి నేను పడిపడి నవ్వాను. ఇప్పటికీ నవ్వు వస్తుంది.

పొరపాట్ల మీద నాకు ఫిర్యాదు లేదు. మన సినిమావాళ్ళు కంటిన్యుటీ అనే మాటను ఎక్కువగా వాడేది ఒక షాటులో సగం తాగిన గ్లాసు తరువాతి షాటులో నిండుగా కనిపించకుండా చూసుకోవడానికి. కథకు కూడా అటువంటి కంటిన్యుటీ ఒకటి ఉంటుంది. 1977 నుంచి 2019 వరకు నలభై రెండేళ్ళపాటు, తొమ్మిది ప్రధాన చిత్రాలుగా, చేతులు మారుతూ సాగిన కథలో అది అక్కడక్కడా తప్పకపోతే ఆశ్చర్యపోవాలి. నా ఫిర్యాదు ఆ పొరపాట్లకు చెప్పే సంజాయిషీల మీద. పొరపాటు చెడగొట్టేది ఒక వాక్యాన్ని. తొందరపడి చెప్పిన సంజాయిషీ ఒక పాత్రనే చెడగొట్టగలదు. ఈ సినిమాలను చిన్నప్పటి నుంచి ప్రేమించినవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలని ఉంది.

అన్నిటికంటె పెద్ద అతుకు తండ్రి గురించినది. మొదటి చిత్రంలో ముసలి ఓబీ-వాన్ కెనోబీ తన గుహలాంటి ఇంట్లో కూర్చుని, డార్త్ వేడర్ అనే తన శిష్యుడు నీ తండ్రిని మోసగించి చంపాడని లూక్ స్కైవాకర్‌తో చెబుతాడు. 1980లో వచ్చిన రెండవ చిత్రంలో ఆ వేడర్ తానే లూక్ తండ్రినని ప్రకటిస్తాడు. లూకాస్ తరువాతి కాలంలో అదంతా మొదటి నుంచీ అనుకున్నదేనని చెప్పుకున్నా, రెండవ చిత్రానికి లీ బ్రాకెట్ 1978 ఫిబ్రవరిలో వ్రాసి ఇచ్చిన మొదటి ప్రతిలో లూక్ తండ్రి ఆత్మరూపంలో వచ్చి కొడుకుతో మాట్లాడతాడు, వేడర్ వేరే మనిషిగానే ఉంటాడు. బ్రాకెట్ ఆ మార్చిలో కన్నుమూశారు. ఇద్దరు మనుషులు ఒక్కడయినది ఆ తరువాత లూకాస్ స్వయంగా వ్రాసిన ప్రతిలోనే. షూటింగులో కూడా దాన్ని దాచారు: వేడర్ వేషంలో ఉన్న డేవిడ్ ప్రౌస్ చేత వేరే మాట అనిపించారు, ఆ పాత్రకు గొంతునిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్, అసలు మాట చదవగానే వేడర్ అబద్ధమాడుతున్నాడని అనుకున్నానని తరువాత చెప్పారు. గొంతు ఇచ్చినవాడికే అనుమానం వచ్చిన మాట అది. ఇది ఎంత గొప్ప ఆలోచనో చెప్పనక్కరలేదు. ఈ కథను మామూలు సాహసగాథ స్థాయి నుంచి పైకెత్తినది ఇదే.

కాని దాని వెనుక ఒక పాత మాట పొసగకుండా మిగిలింది. 1983లో మూడవ చిత్రం ఆ బాకీని తీర్చబోయింది. చనిపోయిన ఓబీ-వాన్ ఆత్మరూపంలో దుంగ మీద కూర్చుని, మీ నాన్నలోని మంచివాడు వేడర్ అయిన రోజునే నశించాడు కనుక నేను చెప్పినది ఒక దృష్టితో చూస్తే నిజమేనని లూక్‌కు నచ్చజెబుతాడు. లూక్ ముఖంలో ఒక క్షణం అపనమ్మకం కనిపిస్తుంది. ఆ క్షణం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఆ కథ మొత్తంలో ఆ సంజాయిషీకి ప్రేక్షకుల తరఫున అభ్యంతరం చెప్పినది ఆ ముఖం ఒక్కటే. తరువాత సంభాషణ వేరే సంగతులకు మళ్ళుతుంది, ముసలాయన దేనికీ జవాబుదారీ కాకుండా బయటపడతాడు.

భారతం విన్న తెలుగువాడికి ఈ దృశ్యం దగ్గర ధర్మరాజు గుర్తుకు రాకపోడు. అశ్వత్థామ హతుడయ్యాడని పెద్దగా, ఏనుగు అని మెల్లగా పలికిన ఆ మాట కూడా ఒక దృష్టితో చూస్తే నిజమే. అయితే భారతం అక్కడితో ఊరుకోదు. అంతవరకు నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ధర్మరాజు రథం ఆ మాటతో నేలను తాకుతుంది. స్వర్గారోహణ వేళ ఆ ఒక్క మాటకే ఆయన నరకాన్ని కొంతసేపు చూడవలసి వస్తుంది. అర్ధసత్యం పలికినవాడి చేత దాని ధర కట్టించి కాని కథ ముందుకు కదలదు. ఓబీ-వాన్ రథం నేలకు దిగదు. తండ్రిని చంపడానికి ఒక కుర్రవాణ్ణి, వాడికి తండ్రి అని చెప్పకుండా తయారుచేసిన మనిషి, ఆ పని తప్పు అనైనా ఒప్పుకోకుండా తర్కం చెప్పి వెళ్ళిపోతాడు. 1977 నాటి చిత్రానికి ఆ వాక్యం వ్రాసినప్పుడు ఓబీ-వాన్ అబద్ధమాడలేదు. అతణ్ణి అబద్ధాలకోరును చేసినది 1980. ఆ అబద్ధానికి సిగ్గుపడనివాణ్ణి చేసినది 1983 నాటి సంజాయిషీ. నా దృష్టిలో రెండవదే పెద్ద నష్టం.

ఇక్కడ ఎదుటివారి పక్షాన ఒక మాట చెప్పాలి. నాన్న ఎలా చనిపోయాడని లూక్ అడిగినప్పుడు, ఓబీ-వాన్ వేషం వేసిన అలెక్ గినెస్ వెంటనే జవాబివ్వరు, చూపు తిప్పుకుని ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడంలోనే అబద్ధం ఉందని అభిమానులు చూపిస్తారు. ఆ క్షణం దగ్గర నేనూ ఓడిపోతాను. మంచి నటుడి మౌనంలో తరువాత వచ్చే కథ కూడా ఇమడగలదు. దాన్ని కనిపెట్టినది చూసేవారి కన్ను, అందుకోసం ఎవరూ సంజాయిషీ వ్రాయలేదు. అలాగే 2022లో వచ్చిన ‘ఓబీ-వాన్ కెనోబీ’ ధారావాహికలో, పగిలిన ముసుగులోంచి వేడర్ తన పాత గురువుతో, అనాకిన్‌ను, అంటే వేడర్ కాకముందటి తనను, చంపినది నువ్వు కాదు నేనేనని అంటాడు. ఆ మాట విన్నాక ఓబీ-వాన్ లూక్‌తో చెప్పబోయేది కల్పన కాదని, శిష్యుడి నోటి నుంచే తాను విన్న మాటను మోసుకొచ్చాడని తెలుస్తుంది. అతుకు వేశారు, నిజమే. కాని ఆ అతుకు ఓబీ-వాన్ కన్నీళ్ళతో వేశారు, ఆ దృశ్యం 1977 నాటి వాక్యం కోసమే పుట్టినా ఆ వాక్యం లేకపోయినా నిలబడగలదు. నేను సంజాయిషీని కొలిచే కొలత ఇదే: ఎవరూ ప్రశ్న అడగకపోయినా ఆ దృశ్యం చూడాలనిపిస్తుందా?

ఈ కొలతకు నిలవనివి చాలా ఉన్నాయి. వేడర్ కంట పడకుండా దాచవలసిన పసివాణ్ణి, వేడర్ పెరిగిన టాటూయిన్ గ్రహానికే తీసుకుపోయి, అతని సవతి సోదరుడి ఇంట్లోనే పెట్టి, స్కైవాకర్ అనే ఇంటిపేరు కూడా మార్చకుండా ఎందుకు పెంచారు? మా అన్నయ్య దీనికి సిద్ధంగా ఉంచుకున్న జవాబు, తల్లి చనిపోయిన చోటు కనుక వేడర్ మళ్ళీ ఆ ఇసుకలో కాలు పెట్టడని. ‘అన్నయ్యా, ఆయన రాకపోవచ్చు, ఆయన గూఢచారులు రాకూడదని ఉందా?’ అని నేను అడిగితే వాడు మరో సంజాయిషీ తీసేవాడు, దానికి మరొకటి. ఒక అబద్ధానికి వెయ్యి అబద్ధాలు కాపు కాయాలని మా అమ్మ అనే మాట ఆ సాయంత్రాలలో నాకు బాగా అర్థమయింది. అసలు కారణం చాలా మామూలుది: ఆ కుర్రవాడికి ఊరూ పేరూ పెట్టిన రోజుకు వాణ్ణి ఎవరి నుంచీ దాచవలసిన అవసరమే కథలో లేదు.

రోబోల సంగతి త్వరగా ముగిస్తాను. 1999 నుంచి 2005 వరకు వచ్చిన మూడు పూర్వకథల చిత్రాల్లోకి ఆర్2-డి2నీ సి-3పీఓనీ తీసుకురావడంతో, పాత చిత్రంలో వాటిని ఎవరూ గుర్తుపట్టకపోవడానికి కారణాలు కావలసి వచ్చాయి. సి-3పీఓ జ్ఞాపకాలను చెరిపెయ్యమని 2005 చిత్రం చివర ఒక్క ఆజ్ఞతో పని కానిచ్చారు; ఆ పాత్రకు జరిగిన అంతటి అన్యాయాన్ని ఒక్క నిమిషం కూడా దుఃఖంగా చూపించలేదు. ఆర్2-డి2 జ్ఞాపకాలు అలాగే ఉన్నాయి కాబట్టి, లూక్ తండ్రి ఎవరో మొదటి నుంచీ తెలిసివుండి అతని పక్కనే తిరుగుతూ నోరు విప్పని నేస్తమయింది. తనకు రోబో ఉన్నట్టు గుర్తులేదని ఓబీ-వాన్ అన్న మాటకు మాత్రం, చట్టప్రకారం ఆర్2 అతని సొత్తు కాదుగా అని అభిమానులు వకీళ్ళలా జవాబిస్తారు. ఒక ముసలివాడు ఎడారిలో కూర్చుని ఆస్తి పత్రాల భాషలో ఆలోచించి మాట్లాడాడని నమ్మమంటే నేను నమ్మలేను.

నాకు నిజంగా మనసు కష్టపడేది లూక్ కవల చెల్లెలు లియా విషయంలో. 1983 చిత్రంలో, చెట్ల మీది ఊరిలో రాత్రివేళ, నీ అసలు తల్లి నీకు గుర్తుందా అని లూక్ అడుగుతాడు. లియా కొద్దిగా గుర్తుందంటుంది: తాను మరీ చిన్నగా ఉండగానే చనిపోయిందని, చాలా అందంగా ఉండేదని, దయగలదని, కాని విచారంగా ఉండేదని. కేరీ ఫిషర్ ఆ మాటలను ఎవరికీ చూపించని పెట్టెలోంచి తీస్తున్నట్టు పలుకుతారు. తన గ్రహం మొత్తం కళ్ళముందు బూడిద కావడం చూసిన ఆ అమ్మాయికి తనదంటూ మిగిలినది ఆ నాలుగు మాటలే. 2005లో వచ్చిన ‘రివెంజ్ ఆఫ్ ద సిత్’లో తల్లి పాడ్మే కవలలను కని, వారికి పేర్లు పెట్టి, ఆ ప్రసవపు మంచం మీదనే ప్రాణం విడుస్తుంది. లియా జ్ఞాపకానికి చోటు లేకుండా పోయింది.

దీనికి రెండు సంజాయిషీలు విరివిగా వినిపిస్తాయి. లియా చెప్పినది తనను పెంచిన రాణి గురించి అన్నది ఒకటి. లూక్ ప్రత్యేకంగా అసలు తల్లి అని అడిగాడు కనుక అది నిలవదు. ఫోర్స్ అనే ఆ అతీతశక్తి వల్ల పుట్టిన క్షణాలు కూడా ఆమెకు గుర్తుండిపోయాయన్నది రెండవది, దీన్ని చాలామంది బుద్ధిమంతులు గంభీరంగా ఒప్పుకుంటారు. అయితే ఆ ప్రసవంలో ముందు పుట్టినవాడు లూక్. తల్లి చెయ్యి చాపి తాకినదీ అతన్నే. అతడు కూడా ఆ శక్తి గలవాడే, అందులో శిక్షణ పొందినవాడు కూడా. మరి అతడు అదే సంభాషణలో తల్లి తనకు ఏమాత్రం గుర్తులేదని ఎందుకంటాడు? చెల్లెలి కంటె కాస్త ముందు వచ్చి, కాస్త ఎక్కువసేపు తల్లిని చూసినవాడికి లేని జ్ఞాపకం ఆమెకు ఎక్కడ నుంచి వచ్చింది? ఈ ప్రశ్న దగ్గర సంజాయిషీ కుప్పకూలుతుంది. నా బాధ అది కూలినందుకు కాదు. నిలబడినా, తల్లిని చూసిన ఒక చిన్నపిల్ల జ్ఞాపకాన్ని అది పుట్టుకతో వచ్చిన ఒక విద్యగా మార్చేస్తుంది. విచారంగా ఉన్న తల్లిని గమనించాలంటే పిల్ల కొంత పెరగాలి, ఆ ఒడిలో కొన్నాళ్ళు ఆడుకోవాలి. ఆ కొన్నాళ్ళను లియా నుంచి తీసుకున్నారు. 2005 నాటి రచన పొరపాటు చేసిందని ఒప్పుకుంటే, 1983 నాటి దృశ్యంలోనైనా అవి ఆమెకు మిగులుతాయి.

ఇక నవ్వవలసిన సంగతికి వస్తే, పార్సెక్ కంటె గొప్పది లేదు. మొదటి చిత్రంలో హాన్ సోలో తన ఓడ ఎంత వేగవంతమైనదో చెబుతూ, కెస్సెల్ దారిని పన్నెండు పార్సెక్‌లలోపే దాటిందని గొప్పలు పోతాడు. పార్సెక్ కాలాన్ని కొలిచేది కాదు, దూరాన్ని కొలిచేది. ఒక పార్సెక్ అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాలు. హైదరాబాదు నుంచి విజయవాడకు ఎంతసేపట్లో వెళ్ళావంటే మూడు వందల కిలోమీటర్లలోపే వెళ్ళానని చెప్పినట్టుంటుంది. దీనికి కొన్ని దశాబ్దాలపాటు నవలల్లో, విజ్ఞానకోశాల్లో ఒక భూగోళశాస్త్రమే తయారయింది: ఆ దారి పక్కన కృష్ణబిలాల గుంపు ఉందని, వాటికి దగ్గరగా దూసుకుపోగలిగిన ధైర్యవంతుడే దారిని కుదించగలడని, కనుక తక్కువ దూరం అంటే ఎక్కువ సాహసమని. 2018లో ‘సోలో’ చిత్రం దానికి ఒక పెద్ద సన్నివేశాన్నే కేటాయించి, మామూలుగా ఇరవై పార్సెక్‌లు పట్టే దారిని హాన్ పన్నెండుకు దించిన వైనం చూపించింది.

ఇంత శ్రమ పడినవారు మొదటి చిత్రపు స్క్రిప్టు చూసివుంటే బాగుండేది. ఆ సంభాషణ పక్కనే, హాన్ తమను మెప్పించడానికి తెలివితక్కువగా చెబుతున్న పచ్చి తప్పుడు మాటకు ఓబీ-వాన్ ఎలా స్పందించాలో సూచన ఉంది. తెరమీద గినెస్ ముఖం కూడా ఆ మాటను నమ్మినట్టు ఉండదు. అంటే ఇక్కడ పొరపాటే లేదు! అప్పుల్లో మునిగి, బేరం కుదరక తప్పని ఒక కుర్ర పైలట్, పల్లెటూరి ముసలివాడూ కుర్రవాడూ కదా అని నోటికొచ్చిన కొలత వాడి కోతలు కోశాడు. ఆ ముసలివాడికి అది తెలిసిపోయింది. అయినా వేరే ఓడ లేదు కనుక బేరం ఒప్పుకున్నాడు. ఒక్క వాక్యంలో ముగ్గురి స్వభావాలు తెలిసేవి. లేని తప్పుకు సంజాయిషీ చెప్పబోయి ఆ కోతలరాయుణ్ణి నిజాయితీపరుడైన సర్వేయర్‌ను చేశారు. సినిమా ముగిసేలోపు ఆ కోతలరాయుడు ఎవరూ అడగకుండా వెనక్కి తిరిగి వచ్చి లూక్ ప్రాణాలు కాపాడినప్పుడు కలిగే ఆనందం, వాడు మొదట్లో అంత నమ్మదగనివాడుగా కనిపించినందువల్లనే కలుగుతుంది.

డెత్ స్టార్ గురించి నా మనసు ఇప్పటికీ ఒక్క దారికి రాలేదు. చంద్రుడంతగా కనిపించే ఆ యుద్ధకేంద్రం రెండు మీటర్ల వెడల్పున్న రంధ్రం వల్ల పేలిపోవడం ఎలా నమ్మమంటారని చాలాకాలం ఎగతాళి చేశారు. 2016లో ‘రోగ్ వన్’ దానికి జవాబిచ్చింది: బలవంతంగా పని చేయించుకున్న శాస్త్రవేత్త గేలెన్ ఎర్సో కావాలనే ఆ లోపాన్ని లోపల నాటాడు, ఆ సంగతి తన కూతురికి చేరేలా కబురు పంపాడు. తండ్రీకూతుళ్ళ ఆ కథను నేను గుండె బరువెక్కి చూశాను, నా కొలతకు అది నిలిచింది. అయినా మొదటి చిత్రంలోనే ఒక జవాబు ఉంది: ఒక్క మనిషి నడిపే చిన్న విమానం తమను ఏం చేస్తుందిలే అని సామ్రాజ్యం దాన్ని లెక్కలోకే తీసుకోలేదని తిరుగుబాటుదారుల సేనాపతి చెబుతాడు. అహంకారంతో కూలిన కోట, వెన్నుపోటుతో కూలిన కోట ఒక్కటి కావు. రెండవ కథ దొరికినందుకు సంతోషించాను, మొదటి కథ కొంత చిన్నబోయినందుకు బాధపడ్డాను, రెండూ నిజమే.

మా తాతగారు ఊరి రామాలయంలో పురాణం చెప్పేవారు. ఒక పురాణంలో ఒక దేవుడి జననం ఒక తీరుగా, మరో పురాణంలో మరో తీరుగా ఉన్నదేమిటని శ్రోతలెవరైనా అడిగితే, ఆయన తడుముకోకుండా ‘కల్పభేదం నాయనా’ అనేవారు. ఆ కల్పంలో అలా జరిగింది, ఈ కల్పంలో ఇలా జరిగింది. చిన్నప్పుడు అది తప్పించుకునే మాటలా అనిపించేది. ఇప్పుడు అందులోని మర్యాద తెలుస్తోంది: రెండు కథలలో దేన్నీ వంచకుండా, రెండిటినీ వాటి వాటి చోట నిలబెట్టే మాట అది. లక్ష్మణరేఖ వాల్మీకంలో లేదని మన పండితులు దాన్ని అవాల్మీకం అంటారే కాని, వాల్మీకి ఆ శ్లోకాలు వ్రాసే వేళ మరిచిపోయాడని సంజాయిషీ అల్లరు. ఆ కథ చెప్పుకోవడమూ మానరు.

లూకాస్‌ఫిల్మ్ కూడా ఒకసారి ఇటువంటి పనే చేసింది. అంతకుముందు ఆ సంస్థలో సినిమాలకు ఒక అంతస్తు, నవలలకు మరో అంతస్తు అంటూ ప్రామాణ్యపు మెట్లు కట్టి, వేలకొద్దీ వివరాలను ఒక డేటాబేసులో భద్రపరిచేవారు. డిస్నీ ఆ సంస్థను 2012లో కొన్న తరువాత, 2014 ఏప్రిల్‌లో పాత నవలలూ కామిక్సులూ అన్నిటికీ లెజెండ్స్ అనే ముద్ర వేసి పక్కన పెట్టారు. చాలామంది పాత అభిమానులు గాయపడ్డారు, ఆ గాయం నాకూ తెలుసు. కాని ఆ పుస్తకాలలో ఒక్క అక్షరం మార్చలేదు. అది వేరే కల్పమని చెప్పి ఊరుకున్నారు.

మార్చినవి సినిమాలను. 1980 చిత్రంలో చక్రవర్తి ముఖాన్నీ గొంతునూ 2004లో తీసేసి, తరువాతి చిత్రాల్లో ఆ పాత్ర వేసిన ఇయాన్ మెక్‌డయార్మిడ్‌ను పెట్టి, మాటలు కూడా తిరగరాశారు. 1983 చిత్రం చివర లూక్ తండ్రిగా ఆత్మరూపంలో నిలిచిన ముసలి సెబాస్టియన్ షా స్థానంలో యువకుడైన హేడెన్ క్రిస్టెన్సెన్ వచ్చారు. మొదటి చిత్రంలో మద్యశాలలో హాన్ ఒక్కడే తుపాకి పేల్చిన దృశ్యాన్ని 1997లో ఎదుటివాడు ముందు పేల్చినట్టు మార్చారు, తరువాత మరికొన్నిసార్లు దిద్దారు. ఇవి సంజాయిషీ చెప్పడంకంటె ఒక మెట్టు కిందివని నా అభిప్రాయం, ఎందుకంటే సంజాయిషీ చెప్పేవాడు కనీసం పాత వాక్యం ఉందని ఒప్పుకుంటాడు.

2025 జూన్‌లో లండన్‌లోని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1977 నాటి అసలు ప్రింటును ప్రదర్శించింది. దానిలో ముందు ఎగిరే పసుపు అక్షరాలకు ‘నాలుగవ అధ్యాయం’ అన్న పేరు ఉండదు. అది 1981లో చేర్చినది. తలుపు దగ్గర సైనికుడి తల చప్పుడు లేకుండా తగులుతుంది. హాన్ ఒక్కడే కాలుస్తాడు, పార్సెక్‌ల కోతలు కోస్తాడు, ముసలాయన వాటిని నమ్మడు. ఆ ప్రింటును అక్కడ కూర్చుని చూసినవారి మీద నాకు అసూయగా ఉంది. గుహలాంటి ఆ ఇంట్లో అలెక్ గినెస్ ఒక్క క్షణం ఆగి, నీ తండ్రిని వేడర్ చంపాడని చెప్పినప్పుడు, ఆ మాటను దాని పుట్టిన రోజున ఉన్నట్టుగా, ఎవరి సంజాయిషీ తోడు లేకుండా వినాలని నాకు కోరిక.